అత్తగారి గోళ్ళు

జూన్ 2

అక్కకు,

నమస్కారాలతో మొదలుపెట్టి తీరిగ్గా రాద్దామనుకున్నాను కానీ రైలుకు ఇంకా గంటన్నరే ఉంది. మీ మరిది చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి నన్ను కొరకొరా చూస్తున్నారు. ప్రతి ఆరు నెలలకూ అత్తయ్య సంచిలో పెట్టి తోడికోడళ్ళం ఒకరికొకరం పంపుకునే చీటీయే ఇది. పోయినసారి మీరు పంపింది నాలుగు పేజీలు, నంబర్లు వేసి, ముఖ్యమైనవాటి కింద ఎర్రగీతలు కొట్టి. నాది ఇంతే, సర్దుకోండి.

బీపీ మాత్ర పొద్దున. వణుకు మాత్ర రెండుపూటలా, తినడానికి అరగంట ముందు. చేతుల వణుకు తగ్గిందని చెప్పలేను, పెరిగిందనీ చెప్పలేను. టీలో చక్కెర వద్దంటారు. అది మీ ఎదుట మాత్రమే, మీరు అటు తిరగగానే డబ్బా మూత చప్పుడవుతుంది. మీకు తెలియనిదేముంది.

ఆవిడ గోళ్ళు చూసి ఉలిక్కిపడకండి. నెయిల్ పాలిషే. గిన్నెలో నీళ్ళ మీద రంగు చుక్కలు వేసి, సూదితో గీతలు లాగి, వేలు ముంచి తీస్తే ఆ డిజైను గోటికి అంటుకుంటుంది. ఇంట్లోనే వేశాం. తుడవకండి. పది పదిహేను రోజులు ఉంటుంది, ఆవిడకు అదంటే ఇష్టం.

ఆయన కేకేస్తున్నారు. ఉంటాను.

మీ చెల్లెలు


జూన్ 9

చెల్లికి,

అత్తయ్య క్షేమంగా చేరారు. మీ మరిదీ మరిదీ అంటూ ఆయన మీద నేరం మోపకు, నీకు చీటీ రాయడానికి ఆరు నెలలు టైముంది.

ఇంత దూరం నుంచి ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేశాను, నాలుగుసార్లు. నేను ఏ గదిలోకి వెళ్ళి మాట్లాడినా అత్తయ్య ఆ గది గుమ్మంలో తేలుతున్నారు. చేతులు వణుకుతాయి గానీ ఆవిడవి పాముచెవులు. అందుకని రాస్తున్నాను. నువ్వు కూడా రాయి, కానీ ఇంటికి కాదు, మా బడి చిరునామాకు. కెమిస్ట్రీ లాబ్ అని రాస్తే నా బల్ల మీదకే వస్తుంది. లాబ్‌లో నాకు తప్ప ఇంకెవరికీ ఉత్తరాలు రావు.

సంగతికొస్తాను. ఆటో ఆగిన చప్పుడు విని నేను ఎదురెళ్ళాను. దిగీదిగగానే అత్తయ్య రెండు చేతులూ నా ముందుకు చాపారు. పట్టుకుని దింపమంటున్నారేమోనని పట్టుకోబోయాను. "పట్టుకోవడం కాదే, చూడు" అన్నారు. గోళ్ళు చూడమని! నేను ఈ ఇంటి కోడలినై పదహారేళ్ళయింది. ఏదైనా చూపించాలని ఆవిడ నా ముందు చేతులు చాపడం ఇదే మొదటిసారి. తీరా చూపించింది నీ పనితనం.

బాగున్నాయి. అబద్ధం చెప్పను. తెల్లటి అడుగు, దాని మీద నీలం, లేత గులాబీ, వాటి మధ్య సన్నటి అలలు. ఈకకు పక్కనుండే పోగుల్లా లెక్కలేనన్ని గీతలు, ఏ రెండూ ఒకలా లేవు. అత్తయ్య కునుకు తీస్తుంటే భూతద్దం పెట్టి చూశాను. లాబ్‌లో పదేళ్ళుగా గాజు గొట్టాల మీద గీతలు చదివే దాన్ని, అంత సన్నటి గీత చేత్తో లాగొచ్చని నాకు తెలియదు. పక్కింటావిడను పిలిచి మరీ చూపించారు. ఎదురింటావిడకు చూపించారు. పాలవాడికి కూడా చూపించారు. "మా చిన్నకోడలి ఇంట్లో వేయించుకున్నా" అని.

నేను ఆవిడకు ఏం తక్కువ చేశానో చెప్పు. కత్తి తగులుతుందని కూరగాయలు ముట్టుకోనివ్వను. టీ ఒలుకుతుందని మూతా, పీల్చుకునే గొట్టమూ ఉన్న కప్పు తెప్పించాను. ముప్పై ఏళ్ళు కోట్లు కుట్టే దుకాణంలో గుండీలకు కాజాలు కుట్టిన మనిషి, చేతులు వణుకుతున్నా సూది వదలరు. గుచ్చుకుంటుందని సూదిపెట్టె బీరువా పైన పెట్టేశాను. కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నానంటే నమ్ము. ఆవిడ మాత్రం గోటికి రంగేసిన దాన్ని ఊరంతా చాటుతున్నారు.

మా బడిలో విజ్ఞాన ప్రదర్శన ఉంది. నీటి తలతన్యత గురించి ఏదైనా చేసి చూపించాలి, ఇదైతే పిల్లలకు నచ్చుతుంది. ఎలా చేస్తావో వివరంగా రాయి. ప్రదర్శన కోసమే.

మీ బావగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు.

అక్క


జూన్ 17

అక్కకు,

మీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, పళ్ళు పీకించుకోవడానికొచ్చి కూర్చున్న ఒకాయన "నా బాధ మీకు నవ్వులాటగా ఉందా" అని డాక్టరుగారికి ఫిర్యాదు చేశాడు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చునేవాళ్ళు నవ్వకూడదట. పాలవాడికి కూడానా!

విజ్ఞాన ప్రదర్శన. సరే. నేను నమ్మాను.

రాసుకోండి. గోటికి ముందు తెల్ల పాలిష్ ఒక పూత వేసి బాగా ఆరనివ్వాలి. గోరు చుట్టూ చర్మానికి వాజలీన్ రాయాలి, లేకపోతే వేలంతా రంగవుతుంది. చిన్న గిన్నె నిండా వడపోసిన నీళ్ళు, చల్లగానూ ఉండకూడదు, వెచ్చగానూ ఉండకూడదు. సీసాలు కొత్తవై ఉండాలి. పాతబడి చిక్కబడ్డ రంగు రాయిలా మునిగిపోతుంది. ఫ్యాను ఆపేయాలి. నీటికి దగ్గరగా పెట్టి ఒక చుక్క వదిలితే అది చక్రంలా పరుచుకుంటుంది. దాని నడిమధ్యలో రెండో రంగు, దాని మధ్యలో మళ్ళీ మొదటిది, అలా ఐదారు. ఆరిపోయేలోపు సూదితో గీతలు లాగాలి, గబగబా, ఆలోచిస్తే అయిపోయినట్టే. గోరు అడ్డంగా పెట్టి నీళ్ళలో ముంచి తీయాలి. ఒక్కో వేలికి మళ్ళీ మొదటినుంచీ. అంతే.

ఇక మీరు ఏం తక్కువ చేశానని అడిగారు. నేనడగాలి ఆ మాట. ఇక్కడ ఆరు నెలలు నేను విన్న పాట ఏమిటో తెలుసా? ఉప్పు డబ్బాకు మూత పెట్టకపోతే "పెద్దదైతే పెడుతుంది." బట్టలు మడతపెడితే "పెద్దది అంచులు కలిపి మడుస్తుంది." మాత్ర పదినిమిషాలు ఆలస్యమైతే చాలు, "పెద్దది గడియారం చూసి ఇస్తుంది." ఒకరోజు ఒళ్ళు మండి అడిగేశాను, అంత బాగా చూసుకునేదాన్ని వదిలి ఇక్కడికెందుకొస్తారు అత్తయ్యా అని. ఆవిడ రంగుల గిన్నెలోకి చూస్తూ కూర్చున్నారు.

ఒక రకంగా ఆ గోళ్ళు ఆవిడ పాలవాడికి చూపించారంటే నాకు కడుపు నిండింది. పదకొండేళ్ళ కాపురంలో ఒక్కదాంట్లోనైనా మీకంటే ఒక మెట్టు పైనున్నాను. ఉండనివ్వండి, కొన్నాళ్ళు.

ఇక్కడ వానలు. గోడలు చెమరుస్తున్నాయి.

మీ చెల్లెలు


జూన్ 28

చెల్లికి,

ముందు ముఖ్యమైనది. అత్తయ్యను నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. వణుకు పెరిగింది. పడిపోయే ప్రమాదం ఉందట. పద్నాలుగు గంటల రైలు ప్రయాణం ఏడాదికి రెండుసార్లు ఇక కుదరదన్నారు. ఇంకొక్కసారి ప్రయాణం చేస్తే చేయనివ్వండి, ఆ తర్వాత ఎక్కడుంటే అక్కడే ఉంచండి అన్నారు. అంటే ఇక్కడే ఉండిపోవాలి, లేదా ఆఖరుసారి రైలెక్కి నీ దగ్గరకు వచ్చి అక్కడే ఉండిపోవాలి. అన్నదమ్ములిద్దరూ ఫోన్లో మాట్లాడుకుని అమ్మే తేల్చుకోవాలన్నారు. మీ మరిది చెప్పే ఉంటారు. అంటే నీ మొగుడు, నా మరిది. నీ ఉత్తరాలు చదివి నాకూ వరసలు తప్పుతున్నాయి. అత్తయ్యేమో "జూలై పోనివ్వండి, చెప్తా" అన్నారు.

రెండోది. ఆస్పత్రిలో ఆక్సిజన్ ఎంతుందో వేలికి క్లిప్పు పెట్టి చూస్తారు కదా, గోటి మీద రంగుంటే అది సరిగ్గా చూపించదట. కాబట్టి తుడవాల్సి వచ్చింది. లాబ్‌లో ఎసిటోన్ ఉంది, శుభ్రంగా పోయింది. ఆ సాయంత్రం నుంచి ఆవిడ ముఖం మాడ్చుకుని కూర్చున్నారు. రెండు రోజులు సగం సగం తిన్నారు. చెల్లెలు వేసిన రంగు పోయినందుకు ఇంత దుఃఖమా! నేను జ్వరంతో మంచమెక్కినప్పుడు కూడా ఆవిడ పూర్తిగానే తిన్నారు.

మూడోది. నువ్వు చెప్పినట్టే చేశాను. నీళ్ళు ఇరవైయారు డిగ్రీలు, థర్మామీటరు పెట్టి చూశాను. కొత్త సీసాలు. డ్రాపరుతో చుక్కలు. చక్రాలు బ్రహ్మాండంగా వచ్చాయి. వేలు ముంచి పైకి తీయగానే ఇంకో పొర వచ్చి మీద పడి మొత్తం ముద్దయిపోతోంది. పదిహేడుసార్లు చేశాను. నా వేళ్ళు లాబ్‌కు పనికిరావాలి కనుక మీ బావగారి వేళ్ళ మీద చేశాను. ఆయన గులాబీరంగు బొటనవేలితో బస్సు డిపోకు పనికి వెళ్తే, ఎవరికి ఓటేసి వచ్చావని అడిగారట. అప్పట్నుంచి ఆదివారమొస్తే మనిషి కనిపించడం లేదు.

నువ్వేదో చెప్పకుండా దాచావు. వంట చెప్పి ఒక్క దినుసు మింగేసే ఆడవాళ్ళను చూశాను గానీ, తోడికోడలికే ఆ పని చేస్తావనుకోలేదు.

అక్క


జూలై 6

అక్కకు,

తుడిచేశారా!

తుడవొద్దని చీటీలో రాశాను. మీ నాలుగు పేజీల చీటీలో ప్రతి గీతా నేను పాటిస్తాను. నా చీటీలో ఒక్క మాట మీరు పాటించలేకపోయారు. క్లిప్పు పది వేళ్ళకూ పెట్టరు కదక్కా. మా డాక్టరుగారి దగ్గరా ఉంది ఆ క్లిప్పు. ఒక్క వేలికే పెడతాం.

ప్రదర్శన కోసమని పదిహేడుసార్లు, అదీ బావగారి వేళ్ళ మీద. అసలు ప్రదర్శన ఎప్పుడు? నేను దాచానంటారా, సరే దాచాననుకోండి. పదహారేళ్ళ పెద్దరికం మీ దగ్గరుంది, పెద్దది అన్న పేరు మీ దగ్గరుంది. నా దగ్గరున్నది ఒక గిన్నె నీళ్ళు. దాన్నీ మీరే తీసుకుంటే నేనేం చేయాలి?

అయినా మీకెందుకు భయం? అత్తయ్య మీ దగ్గరే ఉండిపోతారు. నాకు తెలుసు. నేను మాత్రలు మరిచిపోయేదాన్ని. మాది రెండు గదుల ఇల్లు, ఆవిడ మంచం పక్కనే ఇస్త్రీబల్ల. మీ మరిదేమో, సరే నా మొగుడేమో, అమ్మ ఎక్కడుంటే సుఖమో అక్కడుండాలి అంటున్నారు. ఎక్కడుంటే సుఖం? "పెద్దదాని ఇంట్లో కూర్చున్నచోటికే అన్నీ వస్తాయి." ఇది ఆవిడ మాటే. నేను ఏడ్చాను, ఒప్పుకుంటున్నాను. ఆరు నెలలు నా ఇస్త్రీబల్ల పక్కన ఆ మనిషి దగ్గీ, నవ్వీ, నా వంటకు వంకలు పెట్టీ గడిపాక, ఇప్పుడు ఇల్లు మూగబోయింది. మీకేం, ఆవిడ ఎదురుగానే ఉన్నారు.

ఆవిడ తిన్నారా లేదా అన్నది మాత్రం వెంటనే రాయండి. తక్కినవి రాయకపోయినా ఫరవాలేదు.

చెల్లెలు


జూలై 15

చెల్లికి,

తింటున్నారు. కంగారుపడకు.

నువ్వు దాచింది నాకు దొరికింది. ఎవరు చెప్పారనుకున్నావు? పోయిన ఆదివారం మళ్ళీ గిన్నె ముందు కూర్చుని మళ్ళీ పాడుచేశాను. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య చూస్తున్నారు. ఇరవై రోజులుగా చూస్తున్నారేమో, నేను గమనించలేదు. ఇక పట్టలేక "వేలు నీళ్ళలో ఉండగానే పైన మిగిలిన రంగంతా పుల్లతో చుట్టేసి తీసెయ్యాలే. నీళ్ళు శుభ్రమయ్యాకే వేలు పైకి తియ్యి" అన్నారు. అలా చేస్తే మొదటిసారికే కుదిరింది. ఇదన్నమాట నువ్వు మింగేసిన దినుసు. సిగ్గులేదూ?

మీకెలా తెలుసు అత్తయ్యా అంటే "చిన్నదాని దగ్గర చూశాలే" అని అవతలకు తిరిగారు. ఎంత శ్రద్ధగా చూసి ఉంటే అంత చక్కగా గుర్తుంటుంది! నేను ఆవిడ కళ్ళముందు పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను. నేను చేసే పని ఒక్కటి ఎలా చేస్తానో చెప్పమను చూద్దాం.

అన్నీ కుదిరాయి గానీ గీతలు కుదరలేదు. నా గీతలు తిన్నగా వస్తున్నాయి, స్కేలు పెట్టి కొట్టినట్టు. పక్కింటావిడ "చక్కగా ఉన్నాయి, గచ్చు పలకల్లా" అంది. నీవి ప్రాణమున్నట్టు కదిలేవి. సన్నటి సూది వాడాను, గుండుసూది వాడాను, లాబ్‌లోని ప్లాటినం తీగ కూడా వాడాను. చేయి కావాలని వణికించి చూశాను, నవ్వకు. పెన్నుతో పిల్లలు గిలికినట్టు వచ్చింది.

వచ్చినవాటిలో మంచిది ఒకటి నా చిటికెన వేలికి వేసుకుని అత్తయ్యకు చూపించాను. వంగి చూశారు. "బాగానే ఉందే" అన్నారు. అది ఎలాంటి బాగానే అంటే, నేను చేసిన వంటకు మీ బావగారు చెప్పే బాగానే. అక్కణ్నుంచి లేచి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. నలభైరెండేళ్ళ దాన్ని, చిటికెన వేలు పట్టుకుని స్నానాలగదిలో ఏడ్చాను. నువ్వంటే నాకు కుళ్ళు. ఇదిగో, రాసేశాను. నీ చేతిలో ఉన్నదేదో నా చేతిలో లేదు, ఆవిడకు అదే కావాలి.

ఒక్కటే అడుగుతాను. ఆవిడను నాకు వదిలెయ్. జూలై అయిపోతోంది. నువ్వు ఫోన్ చేసి రమ్మని బతిమాలకు, కొత్త రంగులు కొన్నానని చెప్పకు. నా పదహారేళ్ళకు ఏదో ఒక అర్థం ఉండాలి కదా.

అక్క


జూలై 22

అక్కకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇది రాయనని అత్తయ్యకు మాటిచ్చాను. మాట తప్పుతున్నాను.

ఆ గీతలు నావి కావు.

పుల్లతో పొర తీయాలన్నది నేను కావాలనే దాచాను, అది నా బుద్ధి. కానీ గీతల విషయంలో నేను దాచిందల్లా నా చేతకానితనం. అవి అత్తయ్య లాగినవి. పది వేళ్ళవీ. నేను రంగు చుక్కలు వేసి, ఆవిడ వేలు పట్టుకుని ముంచాను, అంతే. మీరు భూతద్దం పెట్టి చూసింది ఆవిడ వణుకునే.

జనవరిలో ఒక ఆదివారం నేను నా గోళ్ళకు వేసుకుంటున్నాను. నావీ మీ గచ్చు పలకల్లానే వచ్చేవి. పక్కన కూర్చున్న ఆవిడ "సూది ఇలా ఇవ్వవే" అన్నారు. నేను సీరియల్ చూస్తున్నాను, పాడైతే మళ్ళీ వేసుకుందాంలే అని ఇచ్చేశాను. సూది నీటి మీద పెట్టి ఒక్కసారి లాగారు. ఆవిడ లాగింది ఒక్క గీతే అక్కా, చేయి వణుకుతుంటే దాని వెంట పదిహేను చిన్న గీతలు వాటంతటవే పడ్డాయి. నేను టీవీ కట్టేశాను. ఆవిడ గిన్నెలోకి చూసి "ఇన్నాళ్ళకు ఇది ఒక పనికొచ్చింది" అన్నారు. ఇది అంటే చేయి.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మా వీధిలో ఆడపిల్లలు వరస కట్టేవారు. నేను చుక్కలేసేదాన్ని, ఆవిడ గీతలు లాగేవారు. బల్ల మీద గుడ్డ పాడైంది, నేల మీద మరకలు ఇంకా పోలేదు, ఒకసారి గిన్నె బోర్లాపడింది. నేను పెద్ద శుభ్రం మనిషిని కాదు కదా, పట్టించుకోలేదు. అదొక్కటే నేను చేసిన ఘనకార్యం.

రైలెక్కే ముందు ఆవిడ నాతో అన్న మాట యథాతథంగా రాస్తున్నాను, కోపం తెచ్చుకోకండి. "ఇవి నేను వేశానని పెద్దదానికి చెప్పకు. చెప్పావంటే గిన్నె లాగేసుకుంటుంది. పాపం, నా మంచికే లాగేసుకుంటుంది."

గోళ్ళు మీ ముందుకు చాపినప్పుడు ఆవిడ నా పనితనం చూపించలేదు.

మీరు బాగున్నాయి అన్నారని ఆవిడ నాకు ఫోన్లో చెప్పారు. ఎన్నిసార్లు చెప్పారో. దానికి నేనెంత ఉడుక్కున్నానో మీకు తెలియదు. నేను వెయ్యిసార్లు బాగున్నాయన్నాను, మీరు ఒక్కసారి అన్నదే లెక్కలోకొచ్చింది.

మీ చెల్లెలు


ఆగస్టు 5

చెల్లికి,

నీ ఉత్తరం లాబ్‌లో నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. ఆ రోజు పిల్లలు ఆమ్లం అడిగితే క్షారం ఇచ్చాను.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. క్లిప్పుకు ఒక్క వేలు చాలమ్మా అని నర్సు చెప్పింది. నేను పదీ తుడిచాను, దూది మార్చి మార్చి, ఒక్క గీత మిగలకుండా. నీ పని తుడుస్తున్నాననుకున్నాను. ఆవిడ చేతులు నా ఒళ్ళో పెట్టుకుని ఆవిడ పనే ఆవిడ కళ్ళముందు తుడిచాను.

ఇంటికొచ్చి ఆదివారం దాకా ఆగలేదు. ఆ సాయంత్రమే గిన్నె నీళ్ళతో నింపి, సీసాలు పెట్టి, బీరువా పైనుంచి సూదిపెట్టె దింపి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, "చిన్నది చెప్పేసిందా? దాని నోట్లో నువ్వుగింజ నానదు" అన్నారు. నా చెయ్యి చాపాను. చుక్కలు కూడా నేనే వేస్తానన్నారు. నేను రెండో చెయ్యి కాళ్ళకింద పెట్టుకుని కూర్చున్నాను, లేకపోతే అది ఊరుకోదు. ఒక సీసా ఒలికింది. నీళ్ళు రెండుసార్లు పారబోశారు. నాకు నోటిదాకా వచ్చింది "నేను చేస్తానివ్వండి" అని. ఒక గంట పట్టింది నా ఐదు వేళ్ళకు. చెల్లీ, ఆ సూది నీళ్ళను తాకగానే ఆవిడ ముఖం ఎలా మారిందో నువ్వు చూసే ఉంటావు. పదహారేళ్ళలో నేను చూడనిది, నువ్వు జనవరి నుంచీ ప్రతి ఆదివారం చూశావు. ఆ కుళ్ళు నాకు పోలేదు. పోతుందని కూడా అనిపించడం లేదు.

అప్పుడే చెప్పాను, నర్సు ఒక్క వేలు చాలంది అత్తయ్యా, పదీ నేనే కావాలని తుడిచాను అని. "నర్సు చెప్తుంటే నేను వినలేదా?" అన్నారు. నా గోటి మీద ఊదుతూనే అన్నారు.

జూలై ముప్పై ఒకటిన మీ బావగారు అడగకముందే ఆవిడే చెప్పారు. "చిన్నదాని దగ్గరికి పోతాను." ఆయన సరేనన్నారు. నేను ఊరుకోలేకపోయాను. సూదిపెట్టె కిందనే ఉంచుతాను, కత్తి ఇస్తాను, మామూలు కప్పులోనే టీ ఇస్తాను, నేను నేర్చుకుంటాను అత్తయ్యా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకుంటే నా చెయ్యి కూడా వణికింది. "నేర్చుకుంటావే, నాకు తెలీదూ? నువ్వు పట్టిందేదీ వదలవు. నువ్వు నేర్చుకునేదాకా నా చేతులుండొద్దూ?" అన్నారు.

కాబట్టి గెలిచింది నువ్వే. నీకు ఇష్టమైతే వీధిలో చాటుకో.

ఈ ఉత్తరం చేరేసరికి ఆవిడ మీ ఇంటికొచ్చి మూడు రోజులై ఉంటుంది. సంచిలో చీటీ లేదని వెతుక్కుని ఉంటావు. రాయలేదు. నాలుగు పేజీలు రాయడానికి కూర్చుని, నంబరు ఒకటి వేసి, ఆపేశాను. మాత్రల సంగతి నీకు తెలుసు. మరిచిపోతే ఆవిడే అడుగుతారు.

నిన్న స్టేషన్లో రైలు పది నిమిషాలు ఆగింది. మీ బావగారు సామాను ఎక్కించడానికి ముందు వెళ్ళారు. రైలుపెట్టె మెట్లు మూడు, ఎత్తుగా ఉన్నాయి. ఇదివరకైతే నేను ఆవిడను చంకల కింద పట్టుకుని పైకి లేపేసేదాన్ని, అరనిమిషం పని. నిన్న లేపబోయి ఆగాను. ఆవిడ రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నారు. కడ్డీ మీద చేతులు టకటకమని కొట్టుకుంటున్నాయి. ఒక కాలు పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. వెనక ఎక్కాల్సినవాళ్ళు ఇరవైమంది పైనే. "ముసలావిణ్ణి కాస్త ఎత్తి ఎక్కించమ్మా, చూస్తూ నిలబడ్డావేం" అని ఒకాయన కసిరాడు. నా రెండు చేతులూ ఆవిడ వెనక జానెడు దూరంలో గాలిలో పట్టుకుని నిలబడ్డాను, తగలనివ్వకుండా. ఎంతసేపో తెలియదు, గడియారం చూడలేదు. వెనకవాళ్ళు తోసుకొస్తుంటే అటు తిరిగి, ఆవిడే ఎక్కుతారు, ఆగండి అని అరిచాను.

అక్క